ఒక్క మాట అయ్యాక

"లెదర్, బోల్డు. నామవాచకం, ఇటాలిక్. తోలు, కామా, పదును చేసిన చర్మం, ఫుల్‌స్టాప్."

మొగిలయ్య చదువుతుంటే తారామణి ఎర్రకలం అచ్చు కాగితం మీద అతని గొంతు వెంట నడుస్తోంది. అతను కామా అన్నచోట కామా ఉండాలి. ఉంటే కలం ముందుకు జరుగుతుంది. లేకపోతే ఆమె ఎడమచెయ్యి కాస్త పైకి లేస్తుంది, అతను ఆగిపోతాడు. పక్కన గుర్తు పెట్టి చెయ్యి దించగానే మళ్ళీ అందుకుంటాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఇద్దరికీ అంతకు మించిన మాటలు పెద్దగా అవసరపడలేదు.

నాచారం పారిశ్రామికవాడలో ఆ ప్రెస్సు ఒక పాత షెడ్డు. కింద ఆఫ్‌సెట్ యంత్రాలు, కటింగ్ మిషను. పైన చెక్క మెట్లెక్కితే ఈ గది. యంత్రం తిరుగుతున్నంతసేపూ బల్ల సన్నగా వణుకుతుంది. కిటికీలోంచి ఎదుటి గోడౌను సిమెంటు రేకులు, వాటి మీద మే నెల ఎండ. గదిలో ఒక టేబుల్ ఫ్యాను. అది తిరిగినప్పుడల్లా కాగితాలు లేవకుండా ఇద్దరూ మోచేతులు ఆనించి కూర్చుంటారు.

చూస్తున్నది ఇంగ్లీషు తెలుగు నిఘంటువు. హబ్సిగూడలో ఉండే రామ్మోహనరావు అనే రిటైర్డ్ లెక్చరర్ ముప్పై ఏళ్ళు కూర్చుని రాశాడు. ఆయన కంప్యూటరు ముట్టడు. ఒక్కో అర్థానికి ఒక్కో అట్టముక్క, చివరి ముక్క మీద ఆ మాట ఎక్కణ్ణించి పుట్టిందో. అన్నీ దారంతో కట్టి పంపిస్తాడు. వాటిని చూసి కింద ఆపరేటర్లు కంప్యూటర్లో కొట్టింది సరిగ్గా కొట్టారా లేదా అని ఒకరు చదివి, ఒకరు చూసి తేల్చాలి.

మొగిలయ్యకు అరవై దాటాయి. పొడుగు మనిషి, వంగి కూర్చుని కూర్చుని వీపు గుండ్రమైంది. జనగామ దగ్గర పల్లె నుంచి పదహారో ఏట వచ్చి అంబర్‌పేటలో ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు ఏరి పేర్చడం నేర్చుకున్నాడు. తెలుగు, ఇంగ్లీషు రెండూ తలకిందులుగా, అద్దంలో బొమ్మలా, ఎటు తిప్పినా చదివేవాడు. ఇంగ్లీషులో ఏ అక్షరం పక్కన ఏ అక్షరం వస్తుందో అతని వేళ్ళకు తెలుసు, ఆ మాటకు అర్థమేమిటో అతనికి తెలియదు. కంప్యూటర్లు వచ్చాక ఆ అక్షరాలన్నీ బస్తాల్లో పోసి తూకానికి అమ్మేశారు. ఇరవై ఏళ్ళు పట్టుకున్న అక్షరాలు కళ్ళముందే లారీ ఎక్కాక అతను నేర్చుకున్న పని చేతుల్లోనే మిగిలిపోయింది. గొంతు బాగుందని ఈ ప్రెస్సువాళ్ళు చదవడానికి పెట్టుకున్నారు. నిజంగానే మంచి గొంతు. బొంగురుగా, తొందర లేకుండా, బావిలోంచి చేద పైకి వస్తున్నట్టు ఉంటుంది.

తారామణిది తెనాలి. పెళ్ళయి నాచారం వచ్చింది. భర్త ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రెండో ఏడు ఒక ఆదివారం క్షవరానికని వెళ్ళి మళ్ళీ రాలేదు. సూరత్‌లో ఉన్నాడని ఒకరు, ఇంకో సంసారం ఉందని ఒకరు చెప్పారు. ఆమె వెతకలేదు. పుట్టింటికి పోలేదు. ఈ ప్రెస్సులో ఫారాలు, అంటే పేజీలన్నీ కలిపి అచ్చయిన పెద్ద కాగితాలు, మడతపెట్టే పనికి చేరింది. ఒకరోజు మడతపెడుతూ మడతపెడుతూ ఒక తప్పు చూసి పెద్దయజమానికి చూపిస్తే, ఆయన ఆమెను పై గదికి పంపించాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. కళ్ళజోడు అద్దాలు మందమయ్యాయి. ఆమె చూసిన పుస్తకంలో తప్పు దొరకదని పేరు. ఆ పేరు తప్ప ఆమె తనదని చెప్పుకునేది ఏదీ లేదు. జ్వరమొచ్చినా వచ్చేది, వానల్లో చీర పిండుకుని కూర్చునేది. అలాగే ఎదుటివాళ్ళూ ఉండాలనుకునేది.

పదకొండవుతుండగా మొగిలయ్య చదవడం ఆపాడు. ఆమె చెయ్యి ఎత్తలేదు. తలెత్తి చూసింది.

"మేడం, జర ఉప్పల్ దాక పోయొస్త," అన్నాడు. ఛాతీ మధ్యలో అరచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. "పొద్దుగాల్నుంచి ఈడ పట్టేసినట్టుంది. గ్యాసో ఏందో. మా ఇంటికాడ డాక్టరు పన్నెండున్నర దాక కూసుంటడు. సూయించుకోని రెండింటి వరకు వస్త."

తారామణి అచ్చు కాగితం వైపు చూసింది. పొద్దున్నే యజమాని జనార్ధనరావు మెట్ల మీద నిలబడి, "అమ్మా, ఈ ఫారం ఒంటిగంటకు అచ్చు ప్లేటు చెయ్యడానికి వెళ్ళాలి. బడులు తెరిచేలోపు పుస్తకం బయటికి రావాలి," అని చెప్పి వెళ్ళాడు. ఫారంలో మిగిలిందల్లా ఒక్కటే మాట. లీవ్.

"ఈ ఒక్క మాట అయ్యాక వెళ్ళండి మొగిలయ్యగారూ," అంది.

"ఒక్కటేనా? అయితే సరే," అన్నాడు అతను. గుండె మీంచి చెయ్యి తీసి తర్వాతి కట్ట అందుకున్నాడు.

దారం విప్పాక గాని ఆ కట్టంతా ఒక్క మాటేనని అతనికి తెలియలేదు. తారామణికి తెలుసు. పొద్దున రాగానే ఆ కాగితం చూసింది. ఆ ఒక్క మాటా రెండున్నర నిలువు వరసలు పట్టింది. ఇరవై ఏడు అర్థాలు.

"ఎల్, ఈ, ఏ, వీ, ఈ. లీవ్, బోల్డు. క్రియ, ఇటాలిక్. ఒకటి, బ్రాకెట్ క్లోజ్. ఒక చోటు నుండి వెళ్ళు, కామా, బయలుదేరు, ఫుల్‌స్టాప్. రెండు, బ్రాకెట్ క్లోజ్. ఉన్నచోటనే ఉండనిచ్చు, ఫుల్‌స్టాప్. తలుపు తెరిచి ఉంచు, ఫుల్‌స్టాప్."

నాలుగో అర్థం దగ్గర ఒక తప్పు దొరికింది. మరచి వచ్చు అనడానికి బదులు మారచి వచ్చు అని కొట్టారు. ఆరో అర్థంలో సెమీకోలన్ లేదు. ఏడో అర్థం లెక్కలకు సంబంధించింది, ఏడులోంచి నాలుగు తీసివేయగా మూడు మిగులును. మొగిలయ్య నుదుటి మీద చెమట పట్టి కనుబొమ్మల్లోకి దిగుతోంది. తారామణి ఫ్యాను మెడ పట్టుకుని అతని వైపు తిప్పి ఆపేసింది. తన వైపు కాగితాలు కదలడం మానేశాయి. అతను ఒకసారి కళ్ళు మూసి గాలి పీల్చుకుని, చెంబెత్తి నీళ్ళు తాగి, మళ్ళీ చదివాడు.

తొమ్మిదో కార్డు దగ్గర అతని గొంతు తగ్గింది. గబగబా, నోట్లో నోట్లోనే ఏదో చదివి పదికి వెళ్ళబోయాడు. తారామణి ఎడమచెయ్యి లేచింది.

"వినపడలేదు. మళ్ళీ చదవండి."

మొగిలయ్య కార్డు అంచును బొటనవేలితో రుద్దాడు. "ఉదాహరణ జర..." అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చదవండి."

"తొమ్మిది, బ్రాకెట్ క్లోజ్. వదిలివేయు, కామా, విడనాడు, ఫుల్‌స్టాప్. హీ లెఫ్ట్ హిజ్ వైఫ్, ఫుల్‌స్టాప్. అతడు భార్యను విడిచిపెట్టి పోయెను, ఫుల్‌స్టాప్."

తన సంగతి ఆమె అతనికి ఎప్పుడూ చెప్పలేదు. ప్రెస్సులో ఎవరో చెప్పి ఉంటారు. పంతొమ్మిదేళ్ళూ తెలిసే ఎదురుగా కూర్చున్నాడన్నమాట. ఒక్కనాడూ బయటపడలేదు. ఆమె కలం ఆ వాక్యం కింద మామూలుగానే నడిచింది. తప్పులేవీ లేవు. చెయ్యి దించింది.

ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వీలునామా రాసిచ్చు. ఇతరుల తీర్పునకు అప్పగించు. పని ఆపివేయు. జోలికి పోకుండు. కింద కటింగ్ మిషను దిగిన ప్రతిసారీ నేల అదిరేది. పన్నెండయింది. గోడగడియారం తన వీపు వెనక ఉంది కాబట్టి తారామణి చూడలేదు. మొగిలయ్యకు ఎదురుగానే ఉంది. అతను రెండుసార్లు తలెత్తి దాన్ని చూడటం ఆమె గమనించింది.

పద్దెనిమిదో కార్డు అయ్యాక అతను ఇరవై చదివాడు. ఆమె చెయ్యి ఎత్తింది. అతను ఆగలేదు. చదువుతూనే పోతున్నాడు. కళ్ళు కార్డు మీదే ఉన్నాయి గాని ఆమె చెయ్యి కనపడటం లేదు. తారామణి వేళ్ళతో బల్ల మీద తట్టింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"పంతొమ్మిది పోయింది."

కార్డులు తిరగేసి చూసుకున్నాడు. రెండు అతుక్కుని వచ్చాయి. ఇన్నేళ్ళలో అతను కార్డు దాటేయడం ఆమె ఎరగదు. అతని ముఖం బూడిదరంగుకు తిరిగి ఉంది. పెదవుల చుట్టూ తెల్లగా ఉంది.

"మాఫ్ చెయ్యున్రి మేడం."

అప్పుడు ఆమె కలం కింద పెట్టింది. "మీరు వెళ్ళండి మొగిలయ్యగారూ. మిగిలింది నేను చూసుకుంటాను."

"ఇంక పదే ఉన్నయ్," అన్నాడు. "ఒక్కలు సూస్తే తప్పులు దొర్కుతయా? మీరే అంటరు గద."

అది నిజమే, ఆమె అనే మాటే. కొత్తగా చేరిన ఆపరేటర్లందరికీ ఆ మాటే చెబుతుంది. ఆమె కలం తీసుకుంది.

చివరి కార్డు, మాట పుట్టుక, అన్నిటికన్నా ఇరుకు రాత. లెక్చరర్ గారు చోటు చాలక అంచుల మీద కూడా రాశాడు. మొగిలయ్య దాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి పట్టుకుని చదివాడు. చూడటానికి ఒక్కటిగా ఉన్నా ఇవి నిజానికి మూడు మాటలు. మొదటిది పాత ఇంగ్లీషులో మిగిల్చు, ఉండనిచ్చు అని. వెళ్ళేవాడి వెనక చోటు ఉండిపోతుంది కనుక తర్వాత వెళ్ళిపోవు అనే అర్థం వచ్చింది. రెండోది అనుమతి, సెలవు. ఇష్టమైనది అనే అర్థమున్న ఒక పాత మాట దానికి చుట్టం. మూడోది ఆకు నుంచి వచ్చింది, చెట్టు ఆకు వేయు. అక్షరాలు కలిసిపోయాయి గాని వేళ్ళు వేరు, ఫుల్‌స్టాప్.

"మూడట మేడం," అన్నాడు మొగిలయ్య, కార్డు దించి. "ఒక్కటే అనుకున్నం మనం." నవ్వబోయి ఆగాడు.

కార్డులు సర్ది దారం చుట్టాడు. వేళ్ళు ముడి దగ్గర తడబడితే రెండోసారి కట్టాడు. పన్నెండూ నలభై అయింది.

"పోయి సూస్త. ఉంటడేమో," అన్నాడు.

తారామణి చివరి పేజీ కింద సంతకం పెడుతోంది. తారీఖు వేస్తూ, తల ఎత్తకుండా, "ఊఁ" అంది. మెట్ల మీద అతని అడుగులు ఒక్కొక్కటీ ఆగి ఆగి దిగాయి. ఫారం తీసుకెళ్ళి జనార్ధనరావు బల్ల మీద పెట్టి వచ్చింది.

మధ్యాహ్నం పెరుగన్నం తిని ఒక్కతే కూర్చుంది. తర్వాతి కట్ట విప్పి, ఎడమచేత్తో కార్డు, కుడిచేత్తో కలం పట్టుకుని చూడటం మొదలుపెట్టింది. కార్డు చూసి అచ్చు చూసేలోపు కామా ఎక్కడుందో మరిచిపోతోంది. పెదవులు కదిలించి చదివింది. కామా, ఫుల్‌స్టాప్ అని పైకి అనడం ఆమెకు కొత్త. తన గొంతు సన్నగా, పరాయిగా వినిపించింది. రెండయింది. రెండున్నర అయింది. డాక్టరు దగ్గర జనం ఉన్నారేమో అనుకుంది. మూడు దాటాక, ఇంటికి వెళ్ళి పడుకుని ఉంటాడు, మంచిదే అనుకుంది.

నాలుగింటికి జనార్ధనరావు పైకి వచ్చాడు. ఏదన్నా కావాలంటే కిందనుంచి కేకేసే మనిషి. వచ్చి మొగిలయ్య కుర్చీ వెనక నిలబడ్డాడు. కూర్చోలేదు.

"మొగిలయ్య కొడుకు ఫోన్ చేశాడమ్మా," అన్నాడు. "పోయాడట."

తారామణి ఎర్రకలానికి మూత పెట్టింది.

"డాక్టరు వెళ్ళిపోయాడట. మళ్ళీ అయిదింటికి వస్తాడు గదా అని అక్కడే మెట్ల మీద కూర్చున్నాడట. కునుకు తీస్తున్నాడనుకున్నారు అందరూ. మూడింటికి పక్కన మందుల షాపతను నీడలోకి జరగమని భుజం మీద చెయ్యి వేస్తే..."

ఆయన మిగతాది చెప్పలేదు. మీరు వెళ్ళండి, ఇవాళ్టికి చాలు అన్నాడు. ఆమె సంచి తీసుకుని కిందికి దిగింది. జనార్ధనరావు గది దాటుతుంటే ఆయన బల్ల మీద తన సంతకం పెట్టిన ఫారం కనిపించింది. పెట్టినచోటే ఉంది. దాని మీద టీ గ్లాసు ఉంది.

షేర్ ఆటోలో ఉప్పల్ చౌరస్తా దాకా వెళ్ళి, మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటి, అడుగుతూ అడుగుతూ పాత ఉప్పల్ సందుల్లోకి నడిచింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతని ఇంటికి రాలేదు. ఇల్లు ఎక్కడని అడగడానికి మొగిలయ్య ఇల్లు అంటే చాలలేదు. ప్రెస్సు మొగిలయ్య అంటే చూపించారు.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గాజు మూత పెట్టెలో అతన్ని ఉంచారు. గడ్డం కింద గుడ్డకట్టు. నోరు గట్టిగా మూసుకుని ఉంది. కొడుకు ఉపేందర్ గుమ్మం బయట ఫోన్‌లో చుట్టాలకు కబురు చెబుతున్నాడు. పెట్టె పక్కన చాప మీద అతని భార్య ఉప్పలమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆపిన ముఖం. తారామణిని చూసి కాస్త జరిగి చోటిచ్చింది.

"నువ్వు మేడమ్మువు గద," అంది. "సేతిల ఎర్ర సిరా సూసి గుర్తుపట్టిన. ఆయన సెప్తుండె."

తారామణి వేళ్ళు ముడుచుకుంది.

"నాల్గింటికే లేసి కూసున్నడు. గుండెల నొప్పి అంటే ఇయ్యాల పోకు అన్న. లే, మేడమ్ముకు సెప్పి మధ్యల వచ్చి సూయించుకుంట అన్నడు. నీకు సెప్పలేదా అమ్మ?"

చెప్పలేదు అంటే అక్కడితో అయిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు. ఆ గదిలో ఉన్న ఎవరికీ తెలియదు. తారామణి గాజు మూత వైపు చూసింది.

"చెప్పారు," అంది. "పదకొండింటికే చెప్పారు. నేనే... ఒక్క మాట అయ్యాక వెళ్ళమన్నాను. అది చాలా పెద్దదని నాకు తెలుసు. తెలిసే ఆపాను."

గోడ పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు. ఉప్పలమ్మ గోడకు ఆనించిన వీపు తీసి ముందుకు వంగింది. తిడుతుందనుకుంది తారామణి. తిడితే బాగుండుననుకుంది.

"ఏం మాట?" అంది ఉప్పలమ్మ.

"ఇంగ్లీషు మాట."

"అవ్ గని ఏం మాట? ఆయనకు ఇంగ్లీషు రాదు గని దినాం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోని ఒక్క మాట సెప్తుండె. నేను అన్నం పెట్టుకుంట తిప్పి సెప్పాలె. నిన్న లీష్ అన్నడు. కుక్క మెడకు కట్టే తాడట." ఆమె పెట్టె వైపు చూసింది. "ఇయ్యాల్టి మాట సెప్పకుంటనే పాయె."

తారామణికి ఇరవై ఏడూ వరసగా గుర్తున్నాయి, ఎక్కడ కామా ఉందో ఎక్కడ సెమీకోలన్ ఉందో కూడా. వాటిలో ఈమె ముందు పైకి అనగలిగినది ఒక్కటీ కనిపించలేదు. చివరికి లెక్కల అర్థం చెప్పింది.

"లీవ్ అమ్మా. ఏడులోంచి నాలుగు తీసేస్తే మూడు మిగులుతాయి గదా. అట్లా మిగల్చడం."

"లీవ్," అంది ఉప్పలమ్మ. పెదవులు సరిగ్గా కుదరక ఇంకోసారి అంది. "లీవ్. మిగుల్చుడు." తర్వాత తల గోడకు ఆన్చి కళ్ళు మూసుకుంది.

వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. దీపం పెట్టేదాకా కూర్చుని లేచింది తారామణి. గుమ్మంలో ఉపేందర్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. లోపల ఆమె అన్నది విన్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

డాక్టరు ఉండేది రెండు సందుల అవతలే. ఆటోల వైపు పోతూ బోర్డు చూసి ఆగింది. షట్టరు పైకెత్తి ఉంది. లోపల ట్యూబులైట్ల కింద బెంచీల మీద జనం, చీటీ పట్టుకున్నవాళ్ళు, ఒడిలో పిల్లల్ని పడుకోబెట్టుకున్నవాళ్ళు. బయట మూడు సిమెంటు మెట్లు. మధ్యాహ్నపు వేడి ఇంకా వాటిలోనే ఉంది. ఎవరో ముసలాయన పై మెట్టు మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఆమె మందుల షాపు గోడ పక్కన నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. ఒక్కొక్కరూ లోపలికి పోయి మందుల చీటీతో బయటికి వచ్చారు. మెట్ల దగ్గర గుట్టగా ఉన్న చెప్పుల్లోంచి ఎవరివి వాళ్ళు వెతుక్కుని తొడుక్కుని వెళ్ళిపోయారు. ముసలాయన కూడా వెళ్ళాడు. కాంపౌండరు వచ్చి లైట్లు ఒక్కొక్కటే ఆపి, షట్టరు సగం దించి, చీపురుతో మెట్లు ఊడుస్తూ కిందిదాకా వచ్చాడు. అక్కడ ఇంకా ఒక జత ఉంది. లోపల ఎవరన్నా ఉండిపోయారేమోనని వంగి షట్టరు కిందనుంచి చూశాడు. ఎవరూ లేరు. చీపురు చివరతో వాటిని కొంచెం పక్కకు జరిపి ఊడ్చుకుంటూ పోయాడు.

నల్ల రబ్బరు చెప్పులు. మడమలు ఒక పక్కకే అరిగి ఉన్నాయి. ఎడమదాని తెగిన పట్టీకి ప్రెస్సులో పుస్తకాలు కుట్టే తెల్లదారంతో నాలుగు కుట్లు, దగ్గరగా, తిన్నగా, ఒకే ఎడంలో.